నాలుకకు తాకరాని రాళ్ళు

సింధూరగిరి రాజ్యానికి పడమటి హద్దున, ఏనుగుల మంద వరసగా మోకరిల్లినట్టున్న నల్లకొండల నడుమ, భూమిని ఎవరో గొడ్డలితో చీల్చినట్టు మునిలోయ ఉంది. దాని అంచులు నిట్టనిలువు. అడుగున సన్నని వాగు. వాగుకు రెండు వైపులా, చూపు ఆనినంత మేర, తెల్లని గులకరాళ్ళు. పైనుంచి చూస్తే ఏ దేవకన్యో మల్లెలు కోసుకుని వెళుతూ బుట్ట ఒలకబోసుకుందేమో అనిపిస్తుంది. ఆ తెలుపు మధ్య అక్కడక్కడ మనుషులు నిలబడి ఉన్నారు. ఎంతసేపు చూసినా వాళ్ళలో ఒక్కరూ కదలడం లేదు.

మధ్యాహ్నపు ఎండలో, లోయ అంచు నుంచి వేలాడదీసిన నారతాడు పట్టుకుని ఇద్దరు కిందికి దిగుతున్నారు.

ముందు దిగుతున్నది మైలమ. పలుగుపాడు ఆమె ఊరు. అక్కడివాళ్ళు తరతరాలుగా వాగుల్లో పలుగురాళ్ళు ఏరి గాజుల బట్టీలకు ఇస్తారు. ఆ రాళ్ళను పొడి చేసి కరిగిస్తేనే గాజు అవుతుంది. మూడు రోజుల కిందట ఆమె భర్త దేచనను తామ్రజిహ్వుడనే మాంత్రికుడు ఈ లోయలోకి పట్టుకుపోయాడు. అంతకుముందు పోయినవాళ్ళు నలభైమంది. ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆమెకు పైన దిగుతున్నవాడు సింధూరగిరి యువరాజు శరభాంకుడు. మాంత్రికుడు వెతికేదేదో ఈ లోయలో దొరికిందంటే మొదట బూడిదయ్యేది తన తండ్రి కోటేనని వేగులవాళ్ళు చెప్పగా, రాళ్ళు ఏరేవాడి వేషం వేసుకుని ఆమె వెంట వచ్చాడు. ముతక పంచె, తలగుడ్డ, వీపున బుట్ట. అరచేతులు మెత్తగా ఉంటే దొరికిపోతాడని మైలమ నిన్న పొద్దంతా అతనిచేత రాళ్ళు నూరించింది. ఆ బొబ్బలు ఇప్పుడు తాడుకు ఒరుసుకుని చిట్లుతున్నాయి.

"మైలమ్మా, చేతులు మండిపోతున్నాయి."

"వదినా అనండి దొరా. కిందికి పోయాక మైలమ్మా అన్నారంటే ఇద్దరం పోతాం."

"వదినా, చేతులు మండిపోతున్నాయి."

"మండనియ్యండి. మండే చేతులు చూస్తే వాడికి నమ్మకం కుదురుతుంది. కింద నేను మిమ్మల్ని ఒరే అంటాను, తిడతాను. కోపం తెచ్చుకోకండి మరి."

"మా గురువుగారు తిట్టినన్ని తిట్లు నీకు రావులే."

సగం దూరం దిగేసరికి శరభాంకుడు ఆగిపోయాడు. అతని ముఖానికి ఎదురుగా, నాచు పట్టిన బండ మీద అక్షరాలు ఉన్నాయి. తాడు మీద వేలాడేవాడికి తప్ప మరెవరికీ కనపడని చోటు అది. అతను మోచేత్తో నాచు తుడిచి, పాత లిపిని కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇవి నా జపరాళ్ళు. జపమునకు ఒకటి చొప్పున తెల్ల పలుగులు ఏరి ఇచట ఉంచితిని. వీటిని ఎంగిలి చేసినవాని నాలుక ఆ క్షణమే రాయి. మూడవనాటి సూర్యాస్తమయమునకు వాడు సాంతము రాయి. కడుపున నీరు దాచుకున్న రాయి ఒకటి వీటిలో కలదు. ఆ చుక్క పడిన నాలుకకు ఎంగిలి లేదు, శాపము లేదు."

కింద మైలమ చేతులు తాడు మీద బిగుసుకుపోయాయి.

"దొరా, మళ్ళీ చదవండి. మొదటిది. ఎంగిలి సంగతి."

అతను మళ్ళీ చదివాడు. ఆమె పెదవులు పాలిపోయాయి. "మావాళ్ళు రాయి తీయగానే ముందు నాలుకకు తాకిస్తారు. సుద్దయితే నాలుకకు అంటుకుంటుంది. పాత ఎముకైనా అంతే. పలుగు అంటుకోదు, చల్లగా జారిపోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేసే పని అది. చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి పోతుంది." ఆమె తలెత్తి పొద్దు చూసింది. "మూడోనాటి పొద్దుగూకేది ఈరోజే."

అప్పుడే తాడు అదిరింది.

ఇద్దరూ తలెత్తారు. వాళ్ళకు రెండు నిలువుల ఎత్తున, బండ నెర్రెలోంచి ఒక తల బయటికి వచ్చింది. దూడంత ఉడుము. బూడిదరంగు చర్మం, పసుపు కళ్ళు. చీలిన నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తూ అది గాలిని వాసన చూసింది. తర్వాత తీరిగ్గా మెడ వాల్చి తాడును కొరకసాగింది.

"ఊగండి!" అని అరిచింది మైలమ.

ఇద్దరూ కాళ్ళతో బండను తన్ని ఊగారు. ఒక పురి తెగింది. మళ్ళీ ఊగారు. కుడివైపు బండలోంచి మేడి వేరు ఒకటి పాములా వంకర తిరిగి వేలాడుతోంది. మూడో ఊపుకు మైలమ దాన్ని అందుకుంది. శరభాంకుడు చెయ్యి చాచాడు, తాడు తెగింది, అతను ఆమె కాలు పట్టుకుని వేలాడాడు. వేరు ఇద్దరి బరువుకూ మూలుగుతూ మట్టితో సహా ఊడి వచ్చింది. బండ వాలు మీద దొర్లుకుంటూ, ఒళ్ళంతా గీరుకుంటూ, వాళ్ళు గులకరాళ్ళ మీద వచ్చి పడ్డారు.

పడగానే మైలమ చేసిన మొదటి పని పెదవులు బిగించి, వాటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకోవడం.

పైన ఉడుము తెగిన తాడును లోపలికి లాక్కుంది. పైకి తిరిగిపోయే దారి లేదు.

వాళ్ళ చుట్టూ ఆ కదలని మనుషులు ఉన్నారు. దగ్గరగా చూస్తే వాళ్ళ జుట్టు రాయి, గుడ్డ ముడతలు రాయి, చెంప మీద చెమట బొట్టు కూడా రాయి. అందరి కుడిచెయ్యీ నోటి దాకా లేచి ఉంది. అందరి నోళ్ళూ కొద్దిగా తెరుచుకుని, నాలుక కొన బయటికి వచ్చి ఉంది. పలుగుపాడు మనుషులు. మైలమకు పేర్లతో సహా తెలిసినవాళ్ళు. ఆమె ఒక్కొక్కరినీ దాటుకుంటూ, ఏడవకుండా, వెతుకుతూ పోయింది.

దేచన వాగు మలుపు దగ్గర ఉన్నాడు. పాదాల నుంచి గడ్డం దాకా రాయి. బయటికి చాచిన నాలుక రాయి. చెంపలు ఇంకా మనిషివే, కళ్ళు ఇంకా మనిషివే. ఆమెను చూడగానే ఆ కళ్ళు పెద్దవై, నీళ్ళతో నిండి, పక్కకు పక్కకు కదిలాయి. పో, పో అంటున్నాయి.

"పోను," అంది మైలమ. అతని చెంప మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి బొటనవేలంత కిందనే చల్లని రాయి మొదలవుతోంది. ఆమె చూస్తుండగానే అది గోరువాసి పైకి జరిగింది.

"చూడముచ్చటగా ఉంది," అన్నదో గొంతు.

కంచుపళ్ళెం మీద ఇనుప గరిటె గీస్తున్నట్టుంది ఆ గొంతు. కొండ పాదంలోని గుహలోంచి తామ్రజిహ్వుడు బయటికి వచ్చాడు. తాటిమొద్దులా పొడవు. మొలకు ఎలుగుచర్మం, మెడలో ఎండిన ఉడుము తోకల దండ. అతని ముఖంలో ఏ క్రూరత్వమూ లేదు. అమావాస్య నాటి బావిలా ఖాళీగా ఉంది. నోరు తెరిచినప్పుడల్లా లోపల రాగి నాలుక తళుక్కుమంటోంది. అతని వెనకే గుహ చీకట్లోంచి ఒకటి, రెండు, ఐదు, పది ఉడుములు పాక్కుంటూ వచ్చి, రాళ్ళ చుట్టూ వలయంగా పడుకున్నాయి.

"ఎవతెవు?"

"ఈయన పెళ్ళాన్ని స్వామీ. వీడు నా మరిది శరభడు."

మాంత్రికుడు యువరాజు చెయ్యి పట్టి తిప్పి చూశాడు. చిట్లిన బొబ్బల మీద గోటితో నొక్కాడు. శరభాంకుడు పళ్ళు కరుచుకున్నాడు.

"కొత్తగా పనిలోకి వచ్చాడా?"

"వీడికి పనెక్కడ అబ్బుతుంది స్వామీ? తిండికి ముందు, పనికి వెనక. తమ్ముడని ఆయన ముద్దు చేసి పాడుచేశాడు," అంది మైలమ. అంత భయంలోనూ ఆ తిట్టు ఇంట్లో రోజూ తిట్టినట్టే వచ్చింది.

తామ్రజిహ్వుడు ఒక రాతిమనిషి భుజం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ముని తన శాపానికి విరుగుడు ఈ రాళ్ళలోనే ఒకదానిలో పెట్టాడని విన్నాను. అది ఏదో నాకు తెలీదు. పన్నెండేళ్ళ కిందట నేనే ఒకటి తీసి నాలుక మీద పెట్టుకున్నాను. నాలుక రాయి కాగానే, అది ఒంట్లోకి పాకకముందే, నా కత్తితో నేనే కోసేశాను." అతను నోరు తెరిచి, మొదలంటా కుట్టిన రాగిరేకును చూపించాడు. "దీనితో మాట్లాడగలను కానీ నా మంత్రాల్లో సగం దీనికి పలకవు. మాంసపు నాలుక తిరిగి వచ్చిందంటే ఈ భూమ్మీద నాకు ఎదురు ఉండదు. అందుకే రాళ్ళ సంగతి తెలిసినవాళ్ళను తెప్పిస్తున్నాను. అన్నిటిలోకీ ఉత్తమమైన మణిని ఏరు. నా ఎదట నాలుకకు తాకించు. నువ్వు మనిషిగానే మిగిలితే అదే మణి, నీ మొగుణ్ణి నీకిస్తాను. రాయివైపోతే..." అతను భుజాలెగరేశాడు. "నీ మరిది ఉన్నాడుగా. పొద్దు వాలేలోగా కానివ్వు."

అతను గుహ ముందు బండ మీద కూర్చున్నాడు. పని మొదలైంది.

మైలమ బుట్టలోంచి సుత్తి తీసి నడుమున దోపుకుని, చేట తీసి, బియ్యంలో మట్టిగడ్డలు ఏరేటప్పుడు కూర్చున్నట్టే చతికిలబడింది. ఒక దోసెడు రాళ్ళు చేటలో పోసి పరిచింది.

శరభాంకుడు పాలమీగడలా తెల్లగా, నున్నగా ఉన్న రాయి ఒకటి తెచ్చాడు. "వదినా, ఇది చూడు! ఎంత బాగుందో."

"ఒరే శరభా, అది పాలరాయిరా, అడ్డగాడిదా!" అని గట్టిగా అని, ఆమె గొంతు తగ్గించింది. "కత్తితో గీయండి దొరా."

చాకు మొన రాయి మీద తెల్లని గాడి చేసింది. సద్దిమూటలోంచి నిమ్మకాయ ఊరగాయ ముక్క తీసి ఆ గీసిన పొడి మీద ఆమె పిండింది. పొడి సన్నగా నురగ కక్కింది.

"కత్తికి లొంగింది, పులుపుకి పొంగింది. ఇది పలుగు కాదు. పలుగును కత్తితో గీస్తే కత్తే అరుగుతుంది, రాయి మీద ఇనుప మరక మిగులుతుంది. తుడిస్తే పోతుంది."

అతను ఇంకొకటి తెచ్చాడు. గుండ్రంగా, తేలిగ్గా ఉంది. మైలమ దాన్ని చూసి తల పక్కకు తిప్పుకుంది. "అది పెట్టేయండి. మోకాలి చిప్ప."

శరభాంకుడి చేతిలోంచి అది జారిపడింది. దగ్గరలోని ఉడుము మెడ సాచి, దాన్ని నాలుకతో తడిమి, మళ్ళీ పడుకుంది.

మూడోది కత్తికి లొంగలేదు, పులుపుకి పొంగలేదు. మైలమ దాన్ని ఎండలో నెమ్మదిగా తిప్పింది. ఒకచోట దాని ముఖమంతా ఒక్కసారిగా అద్దంలా తళుక్కుమని ఆరిపోయింది. "ఇది పలుగుకు పినతల్లి బిడ్డలాంటిది. గోడకు సున్నం పెచ్చులూడినట్టు చదునుగా విరుగుతుంది, అందుకే ఆ మెరుపు. పలుగు అలా విరగదు. ఆల్చిప్ప లోపలి వైపు చూడండి, అలా వంపు తిరిగి, అలలు అలలుగా విరుగుతుంది. విరగని రాయి మీద కూడా, వాగులో ఒకదానికొకటి కొట్టుకుని, గోరు గిల్లినట్టు నెలవంకలు ఉంటాయి." ఆమె ఒకటి తీసి చూపించింది. పైన ఎర్రమట్టి పొర, వంకర టింకర ఆకారం, చూడటానికి దరిద్రంగా ఉంది. అంచు ఎండకు పెడితే లోపల తేనె రంగు వెలుతురు నిండింది. "ఇదీ పలుగు."

"ఇదా? దీన్ని నేను కాలితో తన్నేవాణ్ణి."

"అందరూ తన్నేవాళ్ళే."

ఎండ వాలుతోంది. వేల రాళ్ళలో వాళ్ళు చూసినవి మూడు బుట్టలు. మైలమ ప్రతి దోసెడుకూ ఒకసారి తలెత్తి దేచనను చూస్తోంది. రాయి గడ్డం దాటింది, కింది పెదవి దాటింది. పళ్ళు, నాలుక, అన్నీ ఒకే రంగయ్యాయి.

"ఇలాగైతే పొద్దు వాలిపోతుంది," అన్నాడు శరభాంకుడు మెల్లగా. "కడుపులో నీరున్న రాయి ఎలా ఉంటుంది? నువ్వెప్పుడైనా చూశావా?"

"చూడకేం, వందలు చూశాను. పాడు రాళ్ళు. బట్టీ మూసలో ఒక్కటి పడిందంటే లోపలి నీరు కాగి టప్పుమని పేలుతుంది. మూస పగిలి సరుకంతా నేలపాలు. అందుకే మావాళ్ళు అలాంటిది కంటపడగానే ఎడంచేత్తో వెనక్కి..."

ఆమె మాట ఆగిపోయింది.

పలుగుపాడులో ఎవరైనా సరే, మంచిరాయిని కుడిపక్క కుప్ప పోస్తారు, పాడురాయిని ఎడంచేత్తో వీపు వెనక్కి విసురుతారు. చూడకుండానే విసురుతారు. ఉత్తమమైన మణి ఏరమని మాంత్రికుడు ఆజ్ఞాపిస్తే నలభైమందీ మచ్చ లేనిది, నీరు లేనిది, నెర్రె లేనిది వెతికారు. వాళ్ళు మంచిదనుకుని నోటికి ఎత్తినదల్లా వాళ్ళను రాయి చేసింది. వెతకవలసినది వాళ్ళ వీపుల వెనక ఉంది.

"దొరా," అంది ఆమె, పెదవులు కదపకుండా. "నేను మిమ్మల్ని ఇప్పుడు కొడతాను. గట్టిగా ఏడవండి."

ఆమె లేచి యువరాజు చెంప మీద ఒక్కటిచ్చింది. "తిన్న తిండికి పని చెయ్యవేంరా! అన్న చచ్చిపోతుంటే నీకు నిద్రా?" శరభాంకుడు లోయ ప్రతిధ్వనించేలా బావురుమన్నాడు. ఉడుములు తలలు అటు తిప్పాయి. గుహ ముందు మాంత్రికుడు కూడా విసుగ్గా అటే చూశాడు. మైలమ అలిగినట్టు చేట తీసుకుని పోయి దేచన వెనక కూర్చుంది.

ఒక్కొక్క రాతిమనిషి వెనకా గుప్పెడు పాడురాళ్ళు ఉన్నాయి. దేచన వెనక చిన్న కుప్ప ఉంది, అతని నీడలో. కొన్ని విసురుకు పగిలి పెంకులై ఉన్నాయి. పగలనివి ఏడో ఎనిమిదో మిగిలాయి. ఆమె ఒక్కొక్కటే తీసి, అతని రాతి మోచేతి సందులోంచి వచ్చే ఎండరేకకు అడ్డం పెట్టింది. మొదటిదానిలో నెర్రె. రెండోదానిలో మబ్బు. మూడు, నాలుగు, ఏమీ లేదు. ఐదోది ఉసిరికాయంత ఉంది. లోపల, తేనెరంగు వెలుతురు మధ్య, చిన్న బుడగ. ఆమె రాయిని వంచింది. బుడగ నెమ్మదిగా పైకి పాకింది. అటు వంచింది. అది ఇటు పాకింది.

నీరు.

ఆమె దాన్ని కొప్పులో దోపుకుంది. ఇప్పుడే పగలగొడితే ఆ చప్పుడుకు పది ఉడుములూ మీద పడతాయి. ఉన్నది ఒక్క చుక్క. మాంత్రికుణ్ణి ఇక్కడినుంచి కదిలించాలి. కదిలించాలంటే అతనికొక మణి ఇవ్వాలి. ఇవ్వబోయే ముందు దాన్ని నాకి చూపించాలి.

మునివి పలుగులే. మరే రాయికీ శాపం లేదు. కానీ పాలరాయిని మణి అంటే ఆ రాగి నాలుకవాడు కూడా నమ్మడు. వాగు ఒడ్డున, ఇసుకలో సగం కూరుకుపోయి, నీటిబొట్టులా తేటగా ఒక ముక్క కనపడింది. పైన కొండల్లో ఒకప్పుడు గాజుల బట్టీలు ఉండేవి. వాటి పెళ్ళలు వాగులో కొట్టుకొచ్చి, అరిగి, గులకరాళ్ళలాగే అవుతాయి. ఇది గాజుపెళ్ళ అయితే నాకినా ఏమీ కాదు. తేటపలుగు అయితే ఆమె కథ అంతటితో సరి.

చేతికి పలుగు చల్లగా తగులుతుంది, గాజు తొందరగా వెచ్చబడుతుంది. కానీ పొద్దంతా ఎండలో కాగిన ఆ ఒడ్డున అన్నీ వెచ్చగానే ఉన్నాయి. గాజులో గుండ్రని గాలిబుడగలు ఉంటాయి, కదలవు. కానీ పైపొర అరిగి గరుకెక్కింది, చిన్న బుడగలుంటే కనపడవు. ఒక్కటే దారి మిగిలింది. ఆమె చేట చాటున విరిగిన పలుగు మొన తీసుకుని ఆ ముక్క మీద బలంగా గీసింది. తెల్లని గీత పడింది. అది గాడి అయితే గాజు. పలుగు పొడి అయితే తుడిస్తే పోతుంది, అప్పుడు ఇదీ పలుగే. ఆమె బొటనవేలితో తుడిచింది.

చూడబోయేలోగా ఆమె మీద పొడవాటి నీడ పడింది.

"దొరికిందా?" అన్నాడు తామ్రజిహ్వుడు.

ఆమె పిడికిలి బిగించి లేచింది. చూడటానికి వీల్లేదు. పిడికిట్లోనే గోటి కొనను రాయి మీద అడ్డంగా జరిపింది. గోరు ఒకచోట ఆగింది. ఆగిందా? గరుకు మీద ఆగిందా, గాడిలో ఆగిందా? మళ్ళీ జరిపింది. మళ్ళీ అక్కడే.

"దొరికింది స్వామీ," అని పిడికిలి తెరిచింది.

సాయంకాలపు ఎండ ఆ ముక్కలో పడి ఆమె అరచేతి గీతలన్నీ కనిపించాయి. మాంత్రికుడి ఖాళీ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది.

"నాకి చూపించు."

శరభాంకుడి ఏడుపు ఆగిపోయింది. "వదినా, వద్దు," అన్నాడు. అది నటన కాదు.

మైలమ దేచన వైపు చూడలేదు. చూస్తే చెయ్యి లేవదని ఆమెకు తెలుసు. ముక్కను నాలుక మీద పెట్టుకుంది. ఇసుక రుచి. నాలుక కొనలో జిల్లుమంది. ఇదేనా, ఇలాగే మొదలవుతుందా? నాలుక బరువెక్కినట్టు, దవడ బిగుసుకుపోయినట్టు అనిపించింది. ఒకటి, రెండు, మూడు ఊపిరులు. ఉడుములన్నీ నాలుకలు ఆడించడం మాని చూస్తున్నాయి.

"మాట్లాడు," అన్నాడు మాంత్రికుడు.

"ఏం మాట్లాడమంటారు స్వామీ?" అంది ఆమె.

తామ్రజిహ్వుడు ఆ ముక్కను ఆమె నాలుక మీదినుంచే లాక్కుని, రెండు చేతులా గుండెకు హత్తుకుని, గుహలోకి పరుగెత్తాడు. యజమాని వెంట ఉడుములూ తోకలు ఈడ్చుకుంటూ పోయాయి. మొగుణ్ణిస్తానన్న మాట అతనికి గుర్తు కూడా లేదు.

"దొరా! గుహ మూతికి ఏదైనా అడ్డం పెట్టండి!"

శరభాంకుడు గుహ పక్కనున్న బండ కింద, తమతో ఊడిపడిన మేడి వేరు దూర్చి, భుజం ఆనించి పైకి ఎత్తసాగాడు. సూర్యుడి కింది అంచు కొండకు తగిలింది. మైలమ కొప్పులోంచి నీటిరాయి తీసి దేచన దగ్గరికి వచ్చింది. అప్పటికే రాతిరంగు అతని ముక్కు దాటి కళ్ళ కింది రెప్పల దాకా వచ్చింది. ఆ కళ్ళు ఆమెను చూడటం మానలేదు.

ఆమె రాయిని అతని రాతి నాలుక మీద పెట్టి, సుత్తి ఎత్తి కొట్టింది. పలుగు గట్టిది. సుత్తి జారి ఆమె వేలు చితికింది. రాయి దొర్లబోయింది. పట్టుకుని మళ్ళీ పెట్టింది. రెండో దెబ్బకు నిప్పురవ్వ లేచింది, రాయి పగలలేదు. కొండ వెనక సూర్యుడు సగమయ్యాడు. మూడో దెబ్బ ఆమె బలంతో కొట్టలేదు, చూసి కొట్టింది. రాయి మీద నెలవంకలా ఉన్న పాత దెబ్బ గుర్తు మీద, సుత్తి మొనతో.

రాయి ఆల్చిప్పలా వంపు తిరిగి విచ్చుకుంది. ఎన్ని యుగాల నాటిదో ఆ నీటిచుక్క, ఆవగింజంత, మెరుస్తూ జారి నాలుక మీద పడింది.

ఏమీ కాలేదు. సూర్యుడి ఎర్రని రేక ఒకటే మిగిలింది.

తర్వాత బూడిదరంగు నాలుక కొనలో గులాబీరంగు పుట్టింది. అది పాకింది. పెదవులకు, చెంపలకు, గడ్డానికి. దేచన గొంతులోంచి మూడు రోజుల ఊపిరి ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"నేనే పారేశాను మైలీ," అన్నాడు మొదటి మాటగా, దగ్గుతూ. "ఎడంచేత్తో. చూడకుండా."

"తెలుసులే. మాట్లాడకు."

గుహలోంచి గాజు చిట్లిన చప్పుడు వచ్చింది. వెంటనే కేక. అది గరిటె గీసినట్టు లేదు. వందమంది ఒకేసారి పళ్ళాలు నేలకేసి కొట్టినట్టుంది. లోయ గోడల మీది నుంచి మట్టి రాలింది. బండ దొర్లి గుహ మూతికి అడ్డంపడింది. రెండోసారి కేక వినపడగానే ఆ బండ మధ్యలో నిలువునా పగులు పట్టింది. శరభాంకుడు వెనక్కి ఎగిరిపడ్డాడు. పగులులోంచి మొదటి ఉడుము తల దూరింది. దాని పైన, బండను రెండు చేతులా విడదీస్తూ, మణి పెట్టుకోవడానికి పీక్కున్న రాగిరేకు వేళ్ళాడుతున్న మాంత్రికుడి నెత్తుటి నోరు.

"నువ్వు పో," అన్నాడు దేచన. భుజాలు వచ్చాయి, చేతులు వచ్చాయి. అతను ఆమెను తోశాడు. "మైలీ, దొరబాబును తీసుకుని వాగెంట పో. నన్నొదిలెయ్."

గులాబీరంగు అతని ఛాతీ మీదుగా, కడుపు మీదుగా, తీరిగ్గా కిందికి దిగుతోంది.

మైలమ చితికిన వేలికి కొంగు చింపి చుట్టుకుంది. సుత్తి రెండో చేతిలోకి మార్చుకుని, భర్తకు ముందు వచ్చి నిలబడింది. శరభాంకుడు నెత్తురోడే చేతులతో మేడి వేరు పట్టుకుని ఆమె పక్కకు చేరాడు. బండ రెండు ముక్కలై పడిపోయింది.

దేచన మోకాళ్ళు ఇంకా రాయిగానే ఉన్నాయి.